జానెడు ఎక్కువ కోసే వెంకటరమణ

వెంకటరమణ అన్నయ్య కొట్టుకీ నా కొట్టుకీ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. ఆయన మిషను తొక్కితే నా కొట్లో వేలాడదీసిన దారపు ఉండలు ఊగుతాయి. నాది వలల కొట్టు. నైలాను దారం, బెండ్లు, సీసపు గుళ్ళు అమ్ముతాను. ఆయనది బరకాల కొట్టు. బందరులో చిలకలపూడి రోడ్డు మీద ఎవరినడిగినా ముందు ఆయన కొట్టు చూపించి, దాని పక్కది కృపాకుమారిది అంటారు. ఇన్నేళ్ళుగా నేను ఆయన పక్కదాన్నే. మొదట్లో ఒళ్ళు మండేది, ఇప్పుడు అలవాటైపోయింది.

బరకం లేని రైతు మా వైపు ఉండడు. కోసిన ధాన్యం రోడ్డు పక్కన ఆరబోసి, మబ్బు కనిపించగానే పరుగెత్తుకెళ్ళి కప్పేది బరకంతోనే. చెరువు గట్టున రొయ్యల మేత బస్తాల మీద కప్పేదీ, లారీ లోడు మీద కట్టేదీ అదే. ప్లాస్టిక్‌వి రెడీమేడ్‌గా ఎక్కడైనా దొరుకుతాయి. అయినా నందివాడ నుంచీ, మొవ్వ నుంచీ, దివిసీమలో కోడూరు నుంచీ జనం బస్సెక్కి వచ్చి వెంకటరమణ దగ్గరే కుట్టించుకుంటారు. దానికి కారణం ఒక జానెడు గుడ్డ.

రైతు వచ్చి పొడవింత, వెడల్పింత అని కొలత చెప్తాడు. వెంకటరమణ అన్నయ్య తలూపుతాడు. గుడ్డ పరిచి, కొలిచి, సుద్దతో గీత గీస్తాడు. తర్వాత ఆ గీత మీద కాకుండా దానికి జానెడు అవతల కోస్తాడు. నాలుగు వైపులా అంతే. ఆ జానెడు ఆయన లెక్కలోకి రాదు, కొన్నవాడికి చెప్పడు కూడా. వాడికి తెలిసేది గాలివాన వచ్చిన రోజున. పక్కవాడి కుప్పకి అడుగు వరస తడిస్తే, వీడి కుప్ప చుట్టూ బరకం నేల మీద పరుచుకుని ఉంటుంది.

ఈ అలవాటు వాళ్ళ నాన్న కోటయ్య గారి దగ్గర నుంచి వచ్చింది. ఆయన పడవలకి తెరచాపలు కుట్టేవాడు. పడవలకి ఇంజన్లు వచ్చాక బరకాల్లోకి దిగాడు. పెద్దదాన్ని మడుచుకోవచ్చు, చిన్నదాన్ని సాగదియ్యలేం అనేవాడు. కొడుకు ఆ మాట పట్టుకున్నాడు. మనిషి మెతక. గట్టిగా మాట్లాడడు, అసలే తక్కువ మాట్లాడతాడు. ఎవరి మీదైనా ప్రేమ ఉంటే వాళ్ళ గుడ్డలో కలుపుతాడు. నాలాగా కోపం ముక్కు మీద ఉన్నవాళ్ళకి ఆయన పక్కన కూర్చోవడం ఒక విధంగా శిక్షే, ఎందుకంటే తగువు పెట్టుకుందామన్నా దొరకడు.

ఆయనకి ఒక్కతే కూతురు, హర్షిత. గుడివాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షన్‌లో పని చేస్తుంది, అక్కడే లేడీస్ హాస్టల్లో ఉంటుంది. డిగ్రీలో ఉండగా ఎన్‌సీసీ వాళ్ళు ఎక్కడికో కొండల్లోకి క్యాంపుకి తీసుకెళ్ళారు. వెళ్ళినప్పుడు మామూలు పిల్లే. వచ్చాక కొండల పిచ్చి పట్టింది. సెలవు దొరికితే చాలు, బెజవాడ నుంచి బయల్దేరే ఒక గుంపుతో కలిసి వీపుకి మూట కట్టుకుని ఏదో ఒక గుట్ట ఎక్కాల్సిందే. బందరు నుంచి సముద్రం దాకా వెతికినా చేల గట్టు తప్ప ఎత్తు లేని నేల మాది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేను ఆ పిల్ల ముందే అనేదాన్ని. ఆ పిల్ల నవ్వేది.

అక్కడితో ఆగితే ఏ గొడవా లేకపోయేది. అరకు వైపు కొండల్లో జనాన్ని నడిపించే సంస్థ ఒకటి ఆడపిల్లల్ని గైడ్లుగా తీసుకుంటుందని తెలిసి దరఖాస్తు పెట్టింది. ముందు ఒక పరీక్ష క్యాంపు ఉంటుంది. ఎవరి సామాను వాళ్ళే మోసుకుని కొండెక్కి, ఎవరి టెంటు వాళ్ళే వేసుకుని పడుకుని, పొద్దున్నే మిగతావాళ్ళని నడిపించి చూపించాలి. అందులో నెగ్గితే ఉద్యోగం. ఆసుపత్రి మానేసి అక్కడికే వెళ్ళిపోతుంది.

వెంకటరమణ అన్నయ్య మొదటిసారి గొంతు పెంచడం అప్పుడే విన్నాను.

"కొండెక్కి ఏం చేస్తావమ్మా?" అన్నాడు.

"దిగుతాను నాన్నా," అంది.

"వెటకారాలొద్దు. సముద్రమైతే నాకు తెలుసు. ఎప్పుడు కోపమొస్తదో తెలుసు, ఎటు నుంచి వస్తదో తెలుసు. కొండ సంగతి నాకేం తెలీదు. తెలీని చోటికి పిల్లనెట్లా పంపను?"

"నువ్వు పంపక్కర్లేదు. నేనే వెళ్తాను."

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా మాటలు పొడి పొడిగా నడిచాయి. పండక్కి వచ్చినా వాళ్ళమ్మ నాగమల్లేశ్వరి వదిన వెనకాలే తిరిగేది గానీ కొట్టు వైపు వచ్చేది కాదు. వదిన పెడనలో కలంకారీ అద్దకం షెడ్డుకి వెళ్తుంది, పొద్దస్తమానం నిలబడి అచ్చులు కొట్టి వస్తుంది. ఇంటికొచ్చాక ఈ మూగ నాటకం. "ఇద్దరిదీ ఒకటే రకం కృపా, ఒకళ్ళకి నోరు లేదు, ఒకళ్ళకి చెవులు లేవు," అని నా దగ్గర గొణిగేది.

అలాంటిది ఒక రోజు హర్షిత తనంతట తనే కొట్టుకి వచ్చింది. క్యాంపుకి పిలుపు వచ్చింది. టెంటు కింద పరవడానికి పట్టా కావాలి. గ్రౌండ్‌షీట్ అంటారట. టెంటుకి అడుగు గుడ్డ ఉంటుంది గానీ పల్చన. రాళ్ళూ ముళ్ళూ గుచ్చుకుని చిరిగిపోకుండా, నేల చెమ్మ ఎక్కకుండా దాని కింద ఇంకోటి వెయ్యాలి.

"బజార్లో నీలం ప్లాస్టిక్‌వి ఉన్నాయిగా," అన్నాడు అన్నయ్య, మిషను మీద నుంచి తల ఎత్తకుండా.

"బరువు నాన్నా. అంతా నా వీపు మీదే కదా. తేలిగ్గా ఉండాలి, నీళ్ళు దిగకూడదు. నువ్వు కుట్టి ఇస్తావని వచ్చాను."

ఆ చివరి మాటకి ఆయన మిషను ఆపేశాడు. ఏడాదిగా కూతురు ఏమీ అడగని మనిషికి కూతురు ఒకటి అడిగింది. నేను దారం తూచడం ఆపేసి గోడకి చెవి పెట్టాను. సిగ్గేముంది, రేకు గోడ కట్టుకున్నదే అందుకు.

మధ్యాహ్నమంతా తండ్రీ కూతుళ్ళు కొట్లో ఉన్న గుడ్డలన్నీ కిందికి దించారు. లారీకి వేసే మందపు గుడ్డ పనికిరాదు. రొయ్యల మేత సంచులు విప్పి కలిపి కుడితే తేలికే కానీ ప్రతి అతుకు దగ్గరా నీళ్ళు దిగుతాయి. చివరికి బైకుల మీద కప్పే కవర్ల గుడ్డ దగ్గర ఆగారు. గొడుగు గుడ్డలా పల్చగా ఉంటుంది, లోపలి వైపు వెండి రంగు పూత ఉంటుంది. అన్నయ్య దాన్ని గిన్నెలా వంచి నీళ్ళు పోసి పట్టుకున్నాడు, కింద చుక్క రాలేదు. గచ్చు మీద ఇటుక ముక్కతో రుద్ది చూశాడు, పూత లేచింది గానీ గుడ్డ తెగలేదు. గుడ్డ వెడల్పు, పన్నా, సరిపోతుంది, మధ్యలో అతుకు అక్కర్లేదు. నా కాటా మీద పెట్టి తూచారు. హర్షిత మొహం వెలిగిపోయింది. ఆ పూట వాళ్ళు నవ్వుకోవడం విని నాక్కూడా సంతోషమేసింది.

వెళ్ళేటప్పుడు ఆ పిల్ల కొలత చెప్పింది. ఒకటికి రెండుసార్లు చెప్పింది. "టెంటు అడుగు కంటే చుట్టూ రెండు వేళ్ళు తక్కువే ఉండాలి నాన్నా. టెంటు వేశాక ఈ పట్టా బయటికి కనపడకూడదు." ఆయన తలూపాడు. ఎందుకు కనపడకూడదో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. బస్సుకి వేళైందని పరుగెత్తింది. వాళ్ళింటి జబ్బే అది.

ఆయన ఏం చేసి ఉంటాడో మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. గీత గీశాడు. రెండు వేళ్ళు లోపలికి గీయమన్న చోట గీశాడు. తర్వాత గుడ్డ వంక చాలాసేపు చూశాడు. పిల్ల పడుకునేది ఇది. ఎవరో తెలియని రైతు ధాన్యానికే జానెడు కలిపిన చెయ్యి, సొంత కూతురికి రెండు వేళ్ళు తగ్గించి ఎలా కోస్తుంది? పన్నా మొత్తం వాడేశాడు. అంచు గాలికి లేవకుండా మడతలో సన్నటి తాడు పెట్టి కుట్టాడు, అది ఆయన బరకాలకి చేసే పనే. బరువు కాస్త పెరిగినా పర్వాలేదులే అనుకున్నాడు. ఎప్పటిలాగే చెప్పలేదు. ఆ పిల్లా కొలవలేదు. ఆ రోడ్డులో వెంకటరమణ కుట్టింది కొలుచుకునే వాళ్ళెవరూ లేరు.

వారం తిరక్కుండానే హర్షిత బస్‌స్టాండు నుంచి నేరుగా కొట్టుకి వచ్చింది. జుట్టు చిక్కులు పడి ఉంది, ముక్కు ఎర్రగా ఉంది. వీపు మీది మూట కింద పడేసి, తడి ఆరని పట్టా తీసి బల్ల మీద పరిచింది. నేను గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

"ఎంత చెప్పాను? ఎంత కోశావు?"

"జానెడు ఎక్కువే పెట్టాను కదమ్మా," అన్నాడు ఆయన, తక్కువైందని అడుగుతోందేమో అనుకుని.

కొండ మీద టెంట్లు వేసేసరికే వాన మొదలైందట. పట్టా చుట్టూ బయటికి వచ్చి కూర్చుంది. మడిచి కిందికి తోద్దామంటే అంచులో తాడు ఉంది, మడత నిలవలేదు. టెంటు మీద పడ్డ వాన జారి ఆ అంచు మీద పడి, అక్కడి నుంచి లోపలికి పారి, పట్టాకీ టెంటు అడుక్కీ మధ్య మడుగు కట్టింది. పడుకున్న బరువుకి ఆ నీళ్ళు పైకి ఊరాయి. పరుపూ దుప్పటీ నానిపోయాయి. పొద్దున్నే నలుగురిని నడిపించాల్సిన పిల్ల చలికి పళ్ళు కొట్టుకుంటూ నిలబడలేకపోయింది. సొంత పట్టా కూడా సరిగ్గా తెచ్చుకోలేని వాళ్ళు జనాన్నేం నడిపిస్తారని అక్కడివాళ్ళు దిగిపొమ్మన్నారు. వచ్చే బ్యాచ్‌లో ఇంకొక్కసారి అవకాశమిస్తామన్నారు.

"పెద్దదైతే తడవడమేంటమ్మా?" అన్నాడు అన్నయ్య. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

"నీకు తెలీదా? ఈ జిల్లాలో నీకు తెలీని పట్టా ఉందా నాన్నా? నేను వెళ్ళడం నీకు ఇష్టం లేదు. వద్దని చెప్పి ఆపలేకపోయావు, అందుకని ఇట్లా ఆపావు."

"హర్షితా," అన్నాను నేను.

"మీరు ఉండండి అత్తా."

మూట అక్కడే వదిలేసి గుడివాడ బస్సెక్కి వెళ్ళిపోయింది. నాకు ఆ పిల్ల మీద బాగా మండింది. వెంకటరమణ కావాలని గుడ్డ పాడు చేశాడంటే బందరులో కాకులు కూడా నమ్మవు. కానీ ఆ పిల్ల నమ్మింది, ఆయనకి కావలసింది ఆ పిల్ల నమ్మకమే. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాళ్ళమ్మతో మాట్లాడేది, నాన్నకి ఇవ్వనా అంటే పెట్టేసేది.

ఆయన పని మానలేదు. మిషను నడుస్తూనే ఉంది. కానీ ఒక రోజు కోడూరు నుంచి వచ్చిన చెరువుల ఆసామి బరకం విప్పి, ఇదేంటి వెంకటరమణ గారూ, కుట్టు పక్కకి పోయింది అన్నాడు. ఆ మాట ఆ కొట్లో వినడం నాకు కొత్త. ఇక నా వల్ల కాలేదు. గోడ ఇవతల నుంచే అరిచాను.

"అన్నయ్యా, ఆ పిల్ల వదిలేసిన మూటలో టెంటు నీ కొట్లోనే ఉంది. నీళ్ళు కుళాయిలో ఉన్నాయి. పెద్దదైతే ఎట్లా తడుస్తుందో చూడకుండా ఎన్నాళ్ళు ఇట్లా కూర్చుంటావు?"

సాయంత్రం కొట్ల వెనక ఖాళీలో టెంటు వేశాం. వేశాం అని తేలిగ్గా అంటున్నాను. ఆ వంగే కడ్డీలు ఒకటి దూర్చితే ఇంకోటి ఎగిరి మొహం మీద కొట్టేది. పెడన నుంచి వచ్చిన నాగమల్లేశ్వరి వదిన చేతి రంగు కడుక్కోకుండానే వచ్చి నిలబడి, "పెళ్ళి పందిరి వేస్తున్నారా?" అంది. మొత్తానికి నిలబెట్టాం. కింద ఆ పట్టా చుట్టూ జానెడు బయటికి వచ్చి నీటుగా ఉంది, అరుగు కట్టిన ఇల్లులాగా. చూడ్డానికి నాక్కూడా అదే బాగుందనిపించింది.

అన్నయ్య లోపలికి దూరి కూర్చున్నాడు. నేను పైపు పట్టుకుని టెంటు మీద వాన కురిపించాను. నీళ్ళు గోడల మీద నుంచి జారి పట్టా అంచు మీద పడ్డాయి. తాడు కుట్టిన అంచు చిన్న గట్టులా నిలబడి వాటిని బయటికి పోనివ్వలేదు. అవి వెనక్కి తిరిగి టెంటు కిందికి పారాయి. నా కళ్ళతో చూశాను. తర్వాత ఆయన పాక్కుంటూ బయటికి వచ్చాడు. లుంగీ వెనక అంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారే, ఆ సామెతకి మనిషి రూపం వస్తే అలాగే ఉంటుంది. వదిన నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"పైన కప్పేదానికి జానెడు కావాలి," అన్నాడు ఆయన మెల్లగా. "కింద వేసేదానికి అదే జానెడు నీళ్ళకి దారి." తడిసిన లుంగీ పిండుకుంటూ మళ్ళీ అన్నాడు. "పిల్ల నానిపోయి పడుకుంది కృపమ్మా. నేను పెట్టిన గుడ్డ మీద."

మర్నాడు నేనే ఆయన్ని గుడివాడ బస్సు ఎక్కించాను. ఒక్కణ్ణే పంపితే ఆసుపత్రి దాకా వెళ్ళి రోగులతో పాటు కూర్చుని తిరిగి వచ్చేస్తాడు, అంత మెతక. అందుకని నేనూ వెళ్ళాను. బస్సు పెడన దాటింది, గుడ్లవల్లేరు దాటింది, ఆయన కిటికీలోంచి నాట్లేసిన చేలు చూస్తూ కూర్చున్నాడు.

హర్షిత భోజనం వేళకి బయటికి వచ్చింది. మమ్మల్ని చూసి వెనక్కి తిరగబోయింది గానీ నేను ఉన్నానని ఆగింది. ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాం. టీ చల్లారిపోతున్నా ముగ్గురం ముట్టలేదు.

"టెంటు వేసి చూశానమ్మా," అన్నాడు ఆయన. "అత్త నీళ్ళు పోసింది. నేను లోపల కూర్చున్నాను. తడిసింది. నువ్వు చెప్పిందే కరెక్టు. జానెడు పెట్టింది పాడు చెయ్యాలని కాదు. నాకు తెలీక పెట్టాను. మంచిదనుకుని పెట్టాను."

హర్షిత గ్లాసుని బెంచీ మీద అటూ ఇటూ తిప్పింది. ఇంతటితో లేద్దామని నేను పైట సర్దుకున్నాను. ఆయన లేవలేదు.

"ఇంకోటి కూడా ఉంది. నువ్వు ఆ రోజు మూట పడేసి కొట్టు ముందు నిలబడ్డప్పుడు నీ మొహం చూశాను. అయిపోయిందిలే, ఇక ఎక్కడికీ పోదులే అనుకున్నాను. సంతోషమేసింది. నువ్వు అంత ఏడుపు మొహంతో తిట్టి వెళ్ళాక కూడా ఆ పూట ఇంటికెళ్ళి కడుపు నిండా అన్నం తిన్నాను. మీ అమ్మనడుగు."

సర్దుకోవడానికి వచ్చిన మనిషి ఇది చెప్పడమేంటి? బెంచీ కింద నుంచి ఆయన కాలు తొక్కాను కూడా.

హర్షిత తల ఎత్తి చూసింది. "ఇప్పుడిది ఎందుకు చెప్తున్నావు నాన్నా?"

"ఇది దాచి అది ఒక్కటే చెప్తే నువ్వు అది కూడా నమ్మవు. నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడూ లేదు. కానీ గుడ్డ మీద ఎప్పుడూ అబద్ధమాడలేదు."

ఆ పిల్ల చల్లారిన టీ తాగేసి, ఆయన గ్లాసు ఆయన ముందుకి జరిపింది. "తాగు," అంది. లోపలికి వెళ్తూ ఆదివారం వస్తానని నాతో చెప్పింది, ఆయనతో కాదు. అయినా బస్సులో ఆయన గుడ్లవల్లేరు వచ్చేలోపే నిద్రపోయాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చింది. ఆ రోజు నా కొట్టు తెరవను. ప్రార్థన అయిపోగానే మా ఆయన డేనియల్‌ని ఇంటికి పంపేసి నేను ఇటు వచ్చాను. ఏదీ చూడకుండా వదిలే మనిషిని కాదు. కొట్లో అదే బైకు కవర్ల గుడ్డ, కొత్త తాను, బల్ల మీద పరిచి ఉంది. దాని మీద టెంటు అడుగు పరిచి హర్షిత చుట్టూ సుద్దతో గీసింది. టెంటు తీసేసి, ఆ గీతకి రెండు వేళ్ళు లోపలగా ఇంకో గీత గీసింది.

"అంచు మడత ఎటు పోవాలి?" అని అడిగాడు ఆయన.

"మడిచి కుట్టాక ఈ లోపలి గీతకి రావాలి."

"అయితే మడతకి సరిపడా బయటికి కొయ్యాలి," అని ఆయన రెండింటి మధ్యా మూడో గీత గీశాడు. ఆ పిల్ల ఆ గీత వంక అనుమానంగా చూసింది. ఆ చూపు ఆయన చూశాడు, నేనూ చూశాను. ఆయన ఒక చిన్న ముక్క తీసుకుని అంచు రెండు మడతలు పెట్టి గీతల మీద పెట్టి చూపించాడు. మడత సరిగ్గా లోపలి గీత మీద కూర్చుంది. "సరే," అంది. తాడు వద్దనుకున్నారు. ఇనప రింగులు బరువని, నాలుగు మూలలా నాడా ముక్కలు కుడితే మేకులకి తగిలించవచ్చనుకున్నారు. మాటలన్నీ పని గురించే. అయినా మాటలు నడుస్తున్నందుకు నాకు ఊపిరి ఆడింది.

ఆయన కత్తెర తీసుకున్నాడు. మూడో గీత మొదట్లో పెట్టాడు. చెయ్యి ఆగిపోయింది. అలవాటు చొప్పున కత్తెర కొన గీత దాటి బయటికి జరగడం చూశాను. వెనక్కి తెచ్చుకున్నాడు. మళ్ళీ జరిగింది.

"నువ్వే కొయ్యమ్మా," అన్నాడు కత్తెర చాపి.

హర్షిత కత్తెర తీసుకోలేదు. గుడ్డ మీద చేతులు ఆనించి నిలబడి, వంచిన తల ఎత్తకుండా మాట్లాడింది.

"ఆ రోజు నువ్వు సంతోషించానని చెప్పావు కదా నాన్నా. దిగిపొమ్మన్నప్పుడు నాక్కూడా సంతోషమేసింది. కాసేపే. కానీ వేసింది. చీకటి పడే ముందే నాకు భయమేసింది. చుట్టూ ఏమీ కనపడదు. మనూళ్ళో ఎటు చూసినా ఆకాశం కనపడతది కదా, అక్కడ అదీ లేదు. తడవకపోయినా పొద్దున్న నేను వాళ్ళని నడిపించేదాన్నో లేదో నాకు తెలీదు. ఇవాళ ఇంటికొచ్చేదాకా అది నాకు నేనే చెప్పుకోలేదు. పట్టా దొరికింది, నువ్వు దొరికావు. నీ మీద పెట్టేశాను."

ఆయన చాపిన కత్తెర వెనక్కి తీసుకున్నాడు.

"ఇప్పుడూ భయమేనా?"

"ఊఁ."

"అయినా వెళ్తావా?"

"వెళ్ళాలనే ఉంది."

ఇప్పుడు ఆయన ఒక్క మాట అంటే చాలు. భయమైతే మానెయ్యమ్మా అంటే ఆ పిల్ల ఆగిపోతుంది. అది నాకు తెలుసు, ఆయనకి తెలుసు, చెప్పిన పిల్లకీ తెలుసు. ఏడాదిగా ఆయన కోరుకున్నది ఆ పిల్లే తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అనేస్తాడనే నేను అనుకున్నాను. నేనైతే అనేదాన్ని. ఆయన నోరు తెరవడం కూడా చూశాను.

"గుడ్డ జారకుండా అటు చివర పట్టుకో," అన్నాడు.

హర్షిత అటు వెళ్ళి రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఆయన కత్తెర గీత మీద పెట్టి, మధ్యలో ఎక్కడా ఆపకుండా, కూతురి చేతుల దాకా కోసుకుంటూ వెళ్ళాడు.